మాధవరం మీదుగా కాశీకి

ఈ ఉగాది సంచికలో మన సంఘ సభ్యులకు ఒక పాతకాలపు ఉద్యోగి కథ చెప్పాలని మేము తలపెట్టాము. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పే దుబాసీ పనిచేసి జీవించినవారు. కాశీయాత్ర చరిత్ర వ్రాసినవారంటే పెద్దలు కొందరు గుర్తుపడతారు. పిల్లలకు మాత్రం ఆ పేరు కొత్తదే.

మన మాధవరానికీ ఆయనకూ ఒక బంధుత్వం ఉంది. 2018లో మాధవరంలో కొత్త బస్సు స్టాండు తెరిచిన తర్వాత మనవాళ్ళు తిరుపతికో నెల్లూరుకో హైదరాబాదుకో పోవాలంటే ఇక్కడికే వచ్చి నిలబడుతున్నారు. బస్సు అరగంట ఆలస్యమైతే ఎండను తిట్టుకుంటాం, సంచిలో సీసా నీళ్ళు అయిపోతే కంగారు పడతాం. వీరాస్వామయ్యగారు 1830 మే నెల 18వ తేదీ మంగళవారం రాత్రి పట్నం విడిచి, తండయారుపేటలో ఉన్న తమ తోటకు చేరి, అక్కడినుంచి ఉత్తరపు బాట పట్టారు. ఆ బాటలో ఆయన తొలి మజిలీలలో ఒకటి ఈ మాధవరమే. వెంట దాదాపు నూరుమంది. ఇంటి ఆడవాళ్ళు, బంధువులు, వంటవాళ్ళు, పల్లకీ బోయీలు, కావళ్ళు మోసేవారు, కాపలా జవానులు. పోవలసింది కాశీకి. పట్టేది సంవత్సరానికి పైమాటే. పైగా అది కృత్తిక కార్తె, వెనుకనే రోహిణి. ఆ ఎండల్లో మనం మిద్దెమీదికి వెళ్ళి ఒడియాలు ఎండబెట్టి రావడానికే గొణుగుతాము గదా!

ఇంతటి పనికి పూనుకొన్న మనిషి పుట్టుకతో ధనవంతుడేమో అనుకోకూడదు. వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతంలో చెన్నపట్నపు తెలుగు నియోగి కుటుంబంలో పుట్టారు. తొమ్మిదవ ఏటనే తండ్రిని పోగొట్టుకొన్నారు. అప్పటికి పట్నంలో ఇంగ్లీషు బళ్ళు ఎక్కడ? తంటాలుపడి నేర్చుకొని పన్నెండవ ఏటికే ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగారు. కుంఫిణీవారి బోర్డు ఆఫ్ ట్రేడులో జీతం లేని వాలంటీరుగా చేరి పని నేర్చుకొన్నారు. ఇంకా మీసం మొలవని వయసులో తిరునెల్వేలి కలెక్టరు కచ్చేరీలో దుబాసీ అయినారు. తరువాత పట్నం తిరిగి వచ్చి వర్తక కంపెనీలలో లెక్కలు వ్రాశారు. చివరకు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు పదవికి ఎక్కారు. దొరగారి ఇంగ్లీషును వాది ప్రతివాదులకు తెలుగులోనో అరవంలోనో చెప్పడం, వాళ్ళ గోడును దొరగారికి ఇంగ్లీషులో చెప్పడం ఆ పని. మాట ఒకటి అటూ ఇటూ అయితే ఒకడి ఇల్లో పొలమో పోతుంది. అందుచేత మాటకు సరిగ్గా మాట తూచి చెప్పే అలవాటు ఆయనకు ఎముకల్లో పట్టింది. ఆ అలవాటు తర్వాత పుస్తకంలో ఎట్లా అక్కరకు వచ్చిందో చెబుతాము.

ఇక యాత్ర. ఆయనకు అప్పటికి యాభై దగ్గర పడింది. ఉద్యోగంలో పేరుంది, సెలవు దొరికింది. దూరం పోను రాను రెండున్నర వేల మైళ్ళకు తక్కువ కాదు. మా శాఖ మాట ఒకటి మధ్యలో చెప్పనివ్వండి. ఈ రోజున సెంట్రల్ స్టేషనులో గంగా కావేరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే రెండు రాత్రులూ ఒక పగలూ గడిచేసరికి కాశీ. కాని చెన్నపట్నంలో ప్రయాణికుల రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు కదిలింది 1856 జూలై 1న. అంతకుముందు 1837లోనే మన పక్కనున్న ఎర్రకొండల నుంచి చింతాద్రిపేటకు రాళ్ళు మోసే రైలుబాట ఒకటి వేశారు. అదీ ఆయన పోయిన మరుసటి సంవత్సరం. రైలు కూత వినకుండానే వెళ్ళిపోయిన తరం అది.

కనుక ఆయన దినచర్య ఎండను బట్టి నడిచింది. ఇంకా చీకటి ఉండగానే లేచి బయలుదేరాలి. పొద్దు బారెడెక్కేసరికి తోపో సత్రమో చెరువుగట్టో చూసుకొని దిగాలి. స్నానం, వంట, భోజనం, కాస్త నడుం వాల్చడం. ఎండ చల్లబడితే మళ్ళీ కదలిక. పల్లకీలో కూర్చున్నవాడి ప్రయాణాన్ని నడక అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, దారి సంగతి బోయీల కాళ్ళకే ఎక్కువ తెలుసు. అయితే ఆ నూరుమందికీ ఈ రాత్రి ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, రేపు ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఎవరికి జ్వరం వచ్చింది అనే బరువు ఆయన నెత్తిమీద ఉంది. పల్లకీలో కూర్చున్నంత మాత్రాన దిగే బరువు కాదది.

ఆయన గొప్పతనం మాకు కనిపించేది అక్కడే. మజిలీ మజిలీకీ వ్రాసుకొంటూ పోయారు. ఎన్నిగంటలకు బయలుదేరారు, ఎన్నిటికి చేరారు, బాట రేగడా, ఇసుకా, రాతిగొట్టా, నీళ్ళు ఎట్లాంటివి, దిగడానికి సత్రముందా, అంగళ్ళున్నాయా, ఊళ్ళో ఎవరు అధికారి, ఎవరికి ఏ సుంకం కట్టాలి. ఈ వివరాలు తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి జాబులుగా పంపుతూ వచ్చారు. రేపు ఇంకొకడు ఇదే బాటన పోతే వాడికి దాహం వేయకూడదన్నదే ఆ వ్రాతలో మాకు కనిపించే తపన. తీర్థయాత్రకు పోయినవారు పుణ్యం మూట కట్టుకొని రావడం కద్దు. వెనుక వచ్చేవాడి కోసం నీటి లెక్క వ్రాసుకొచ్చినవారు మాకు తెలిసి ఆ రోజుల్లో బహు కొద్దిమంది.

తిరుపతిలో ఆయన దేవుణ్ణి చూశారు, దేవుడి లెక్కనూ చూశారు. అప్పటికి కొండమీది గుడి కుంఫిణీవారి అజమాయిషీలో ఉంది. 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేదాకా ఆర్జిత సేవల సొమ్ము సర్కారు బొక్కసానికి పోయింది. ఆ సంగతి ఆయన దాచలేదు. అక్కడినుంచి కడప, అహోబిలం, మహానంది.

మహానంది దగ్గర కాస్త ఆగుదాం. నల్లమల అంచున ఉన్న ఆ గుడిలో కొండ కడుపులోంచి ఊట ఉబికి వస్తుంది. దేవుడి కింది నుంచి వచ్చి గుండాలు నిండి, పొంగి, బయటికి పారి పొలాలు తడుపుతుంది. వేలెడు కూడా మురికి ఉండదు. అడుగున పడ్డ నాణెం మీద బొమ్మ కూడా కనిపిస్తుంది. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. మేము ఒక ఏడు మే నెలలో నంద్యాలలో రైలు దిగి, బస్సులో అక్కడికి చేరి, దుమ్మూ చెమటా ఉన్నవాళ్ళం ఉన్నట్టే గుండంలో దిగాము. మెడలోతు కూడా లేని నీళ్ళు. ఈత వచ్చినవాళ్ళు రెండు బారలు వేశారు, రానివాళ్ళు మెట్టు పట్టుకొని మునిగారు. గంటసేపటికి గాని పిల్లలు పైకి రాలేదు. పైకి వచ్చాక ఒక ఆలోచన కలిగింది. మేము రైలులో ఒక రాత్రి కూర్చుని వచ్చి ఇంత సుఖపడితే, చెన్నపట్నం నుంచి రోహిణి కార్తె అంతా రాళ్ళమీద కాగివచ్చిన ఆ నూరుమందికి ఈ నీళ్ళు ఎట్లా ఉండి ఉంటాయి?

ఎందుకంటే ఆ తరువాతి బాట నీళ్ళు కరువైన బాట. ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి పోయే పాత అడవిదారి గురించే చెబుతున్నాము. ఇప్పుడు బస్సులు దోర్నాల మీదుగానో హైదరాబాదు వైపు నుంచో ఘాటురోడ్డున పోతాయి. అప్పుడు ఆత్మకూరు నుంచి నాగలూటి, అక్కడ వీరభద్రుడి గుడి, తరువాత పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, ఆపైన కైలాసద్వారం. ఊళ్ళను బట్టి కాక నీళ్ళను బట్టి ఏర్పడిన దారి అది. చెరువు, బావి, కొలను అంటూ పేర్లే చెబుతున్నాయి చూడండి. ఒక నీటిచోటు నుంచి మరొక నీటిచోటుకు పోవడమే నడక. మధ్యలో వెదురు, ఏగిస, నల్లమద్ది, తునికి. జూన్ నడిమికి మృగశిర వచ్చినా వాన పడేదాకా అడవి ఎండుటాకుల మోపే. వాగులు ఇసుక తేలి ఉంటాయి. జంతువులు కూడా ఆ కొలనులకే వస్తాయి గనుక మనిషి నీళ్ళకు పోయే చోటు పులి నీళ్ళకు వచ్చే చోటు ఒకటే. ఆ అడవిని 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. వైశాల్యంలో దేశంలోకెల్ల పెద్దది. అంటే 1830లో అక్కడ పులులకు కొదువ ఉండి ఉండదు.

తెల్లవారకముందే పెద్దచెరువు వదిలిన జట్టు ఎండ ముదిరేలోపల భీముని కొలను చేరాలి. ఆ కొలను ఒక పెద్ద లోయ అడుగున ఉంటుంది. ఇటు కొండ అంచు నుంచి రాతిమెట్లు దిగుతూ పోవాలి, అటు మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కాలి. పధ్నాలుగవ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఎవరు కట్టించినా దిగేటప్పుడు మోకాళ్ళు, ఎక్కేటప్పుడు గుండె ఆ రాజును తలుచుకోక తప్పదు. పల్లకీ అడ్డంగా పట్టని మలుపులు ఉంటాయి. ఇట్లాంటి చోట పల్లకీలో పట్నపు దుబాసీ అయినా సరే కాలు కింద పెట్టవలసిందే. ముసలివారిని, ఆడవారిని డోలీలలో దింపాలి. డోలీ మోసేవాడి కాలు జారితే ఇద్దరూ లోయలోకే.

అడుగున కొలను. చుట్టూ నిలువెత్తు రాళ్ళు, నీడ, చల్లదనం. ఆ చోటును స్థలపురాణం భీముడితో ముడిపెడుతుంది. అంతటి వేసవిలోనూ అక్కడ తడి ఆరదు. దిగినవాడు ముందు దోసిలి పట్టి తాగుతాడు, తరువాత తల ముంచుతాడు. స్నానమని, సంకల్పమని, మడి అని ఇంట్లో మనం ఎన్ని పేర్లు పెట్టినా ఆ చోట అది ఒళ్ళు తెలిసిన స్నానం. తరువాత తడిబట్టతోనే ఎక్కడం. కైలాసద్వారం దగ్గర కొండ కొసకు వచ్చేసరికి బట్ట ఆరిపోతుంది, మనిషి మళ్ళీ తడుస్తాడు, ఈసారి చెమటతో.

ఈ అడవి చెంచులది. దారి వాళ్ళకు తెలుసు, నీటిజాడ వాళ్ళకు తెలుసు, ఏ పొద్దున ఏ జంతువు ఎక్కడ ఉంటుందో వాళ్ళకు తెలుసు. యాత్రికుల దగ్గర వాళ్ళకు రుసుము ముట్టే ఏర్పాటు ఉండేది. దాన్ని కొందరు యాత్రికులు దోపిడీ అని నొచ్చుకొనేవారు. మాకు అట్లా తోచదు. కందనవోలు నవాబు మనిషి తలకు ఇంతని సుంకం పుచ్చుకొని ఒక చెంబెడు నీళ్ళు చూపించినవాడు కాడు. చెంచు చూపించాడు. 1839లో నవాబుగిరీ కుంఫిణీలో కలిసిపోయింది, సుంకం పోయింది. చెంచులు మాత్రం ఆ అడవిలోనే ఉన్నారు.

శ్రీశైలం గుడి అప్పుడు ఇప్పటిలా లేదు. జనం నివాసముండే ఊరు కాదు, నీరు పడక జ్వరాలు. శిథిలమైన మంటపాలు, కొద్దిమంది అర్చకులు. అంత వైభవం అనుభవించిన మల్లికార్జునుడి చుట్టూ అంత అడవి. ఆ స్థితిని ఆయన చూసింది చూసినట్టు వ్రాశారు. భక్తికి లోటు రాకుండానే సుంకం సంగతీ, పాడుపడిన సంగతీ చెప్పారు. కోర్టులో నేర్చిన తూకం అంటే ఇది. సాక్షి ఏడిస్తే తాను ఏడవడు, నవ్వితే తాను నవ్వడు, చెప్పింది చెప్పినట్టు అందిస్తాడు. ఎంతోమంది శ్రీశైలం వెళ్ళి వచ్చారు గాని ఆనాటి శ్రీశైలం ఎట్లా ఉండేదో మనకు చూపించగలిగినది ఆ తూకమే.

కొండమీద నుంచి పాతాళగంగకు దిగే మెట్లు కూడా వందలే. కింద కృష్ణ. అడవిలో కొలను కొలనుకూ నీటి కోసం తడుముకొని వచ్చినవాడికి అంత నీరు ఒక్కచోట చూడడమే పండుగ. ఇప్పుడు అక్కడ ఆనకట్ట లేచింది. దాని వెనుక నిలిచిన నీటిలో పాత బాటలూ పాత రేవులూ ఎన్నో మునిగాయి. వీరాస్వామయ్యగారు ఆత్మకూరు వైపుకు మరలి, నివృత్తి సంగమం దగ్గర కృష్ణ దాటి నైజాము సీమలో ప్రవేశించారు. కృష్ణానదిపైన బుట్టకు తోలు కప్పిన పుట్టిలో దాటడం ఆ కాలపు పద్ధతి. ఆ సంగమేశ్వరుడి గుడి ఇప్పుడు సంవత్సరంలో చాలా నెలలు నీటి అడుగున ఉండి, ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు శిఖరం, తర్వాత మంటపం, తర్వాత లింగం అనే క్రమంలో బయటపడుతుంది. అప్పుడు పూజారి పడవలో పోయి దీపం పెడతాడు. మనుషులు దేవుడి కోసం నీటిలో దిగడం పాతమాట. ఇక్కడ దేవుడే వేసవికి గాని నీటినుంచి పైకి రాడు.

ఇక్కడ ఇంకొక యాత్ర సంగతి చెప్పాలనిపిస్తున్నది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే భూగోళం పైకొసన జాన్ రాస్ అనే బ్రిటిషు నావికుడు 1829లో వెళ్ళి ఉత్తర ధ్రువ సముద్రంలో మంచులో చిక్కుకొని ఉన్నాడు. నాలుగు చలికాలాలు ఆ మంచుసీమలోనే గడిచాయి. ఆయన అన్న కొడుకు జేమ్స్ క్లార్క్ రాస్ 1831 జూన్ 1న మంచుమీద నడిచిపోయి అయస్కాంతపు సూది నిలువుగా నిలబడే ఉత్తరపు చోటు కనిపెట్టాడు. ఆ రోజుకు మన వీరాస్వామయ్యగారు ఇంకా ఇల్లు చేరలేదు. అక్కడ వేసవి అంటే పొద్దు గుంకదు, చుట్టూ నీరే, దిగితే మాత్రం ప్రాణం పోతుంది. ఇక్కడ వేసవి అంటే నీరు లేకనే ప్రాణం పోతుంది. ఆ తెల్లవారు బతికి బట్టకట్టింది అక్కడి ఇన్యూయిట్ జనం తిండి ఇచ్చి, దారి గీసి చూపినందువల్ల. ఇక్కడ చెంచులు. ప్రపంచమంతా ధ్రువయాత్రికుల పేర్లు బళ్ళలో నేర్పుతారు. మేమూ మెట్రిక్యులేషన్‌కు చదువుకొన్నాము. నల్లమల దాటిన దుబాసీ పేరు మాత్రం మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదులో ఆయన రోహిల్లాలను, అరబ్బులను, వీధుల్లో కత్తులు ధరించి తిరిగే జనాన్ని చూశారు. పేష్కారు చందూలాల్ కాలం అది. నిర్మల మీదుగా నాగపురం, జబ్బల్‌పూరు. జబ్బల్‌పూరు సీమలో స్లీమన్ దొర థగ్గుల వేట మొదలుపెట్టిన రోజులు. దారిలో మంచిగా మాట కలిపి, రాత్రి మెడకు రుమాలు బిగించే ఆ ముఠాలకు కాశీ యాత్రికులంటే మంచి ఎర. ఈయన జట్టు పెద్దది గనుక బతికిందనుకోవాలి. అక్కడినుంచి మీర్జాపురం, ప్రయాగ, కాశీ. ప్రయాగలోనూ గయలోనూ జగన్నాథంలోనూ కుంఫిణీవారు యాత్రికుల పన్ను వసూలు చేసేవారు. 1840లో గాని దాన్ని ఎత్తివేయలేదు. గంగమీద కొంతదూరం పడవలు. కలకత్తా. అక్కడినుంచి జగన్నాథం, గంజాం, కోస్తా వెంట దక్షిణానికి. 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం. పదిహేను నెలలు దాటింది.

ఉద్యోగంలో మరికొన్నేళ్ళు గడిపి, పింఛను పుచ్చుకొని, 1836లో స్వర్గస్థులైనారు. పుస్తకం అచ్చులో చూసుకోలేదు. మిత్రుడు శ్రీనివాసపిళ్ళెగారే ఆ వ్రాతలను సమకూర్చి 1838లో అచ్చు వేయించారు. చెన్నపట్నం స్నేహాలు అట్లాంటివి. 1869లో మరొకసారి, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారి పరిష్కరణతో ఇంకొకసారి వెలువడింది. 1973లో ఇంగ్లీషులోకీ వచ్చింది. శివరావుగారు పడ్డ శ్రమే లేకపోతే మనకు ఆ పుస్తకం చేతికి అందేదా అన్నది అనుమానమే.

అందులోని భాష గురించి ఒక మాట. అది పండితుల గ్రాంథికం కాదు. గిడుగు రామమూర్తిగారు వాడుకభాష కోసం పోరాడడానికి డెబ్బై ఏళ్ళకు పైగా ముందే ఆయన పట్నంలో మాట్లాడే తెలుగులో వ్రాశారు. అందులో అరవం ముక్కలున్నాయి, తురక ముక్కలున్నాయి, కచ్చేరీ ముక్కలున్నాయి. మన ఇళ్ళలో పిల్లలు తెలుగు మధ్యలో అరవం కలిపితే ఊరినుంచి వచ్చిన పెద్దలు మొగం చిట్లిస్తారు. వీరాస్వామయ్యగారి తెలుగు చూపిస్తే ఏమంటారో! మా భయం అరవం కలిసినందుకు కాదు. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చిన తరువాత ఇక్కడి బళ్ళలో తెలుగు పాఠం చిక్కిపోతూ వస్తున్నది. మా ఇంట్లోనే పెద్దపిల్ల తెలుగు చక్కగా మాట్లాడుతుంది, అక్షరం మాత్రం కూడబలుక్కొంటుంది. చిన్నవాడికి గుణింతం రాదు. మాధవరం పేరుతో మొదలై తెలుగులో వ్రాసిన పుస్తకాన్ని మాధవరంలో పెరిగిన తెలుగుపిల్ల చదవలేకపోతే ఎవరిని అనాలి? పగలంతా కచ్చేరీ, సాయంత్రం అలసట అని మేమూ తప్పించుకొన్నవాళ్ళమే. పన్నెండేళ్ళ అనాథబాలుడు బడి లేని పట్నంలో పరాయిభాష నేర్చుకొన్నాడని పైన వ్రాసినప్పుడు మాకు కాస్త సిగ్గు వేసింది.

మనం బతకడానికి వచ్చినవాళ్ళమని ఈ ఊళ్ళో అప్పుడప్పుడు అంటారు. వచ్చినమాట నిజమే, మా నాన్నగారు రైలు పనికి వచ్చారు. కాని రెండువందల ఏళ్ళనాడే ఈ పట్నంలో పుట్టి, ఈ పట్నపు పెద్దకోర్టులో కూర్చుని, ఈ మాధవరం బాటనే తెలుగులో వ్రాసిపోయిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరిట తండయారుపేటలో గాని మన పేటలో గాని ఒక రాయి మా కంటబడలేదు. మునిసిపాలిటీగా ఉన్న మాధవరం 2011లో కార్పొరేషనులో కలిసింది. వీధులకు పేర్లు పెట్టే సందర్భం వస్తే ఈ పేరూ చెప్పమని సంఘ కార్యవర్గానికి మా మనవి.

ఇక్కడ ఇంకొకటి. మనం ఇళ్ళలో వేపపూత ఏరుకొని ఉగాది పచ్చడి కలుపుకొనే ఈ రోజులలోనే కన్నడదేశపు భక్తులు వేలమంది ఆత్మకూరు వైపు నుంచి అదే అడవిబాటన శ్రీశైలానికి నడుస్తారు. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. మజిలీలు మారలేదు. ముసలమ్మలు చేతికర్రలతో, కుర్రవాళ్ళు కాళ్ళకు కర్రలు కట్టుకొని, కొందరు కావడితో. దారిపొడుగునా ఊళ్ళవాళ్ళు మజ్జిగ, అంబలి, నీళ్ళు పెట్టి కూర్చుంటారు. భ్రమరాంబ తమ ఆడపడుచు అని వాళ్ళ నమ్మకం. పండుగకు చీర తీసుకొని పోతారు.

వచ్చే ఉగాదికి వాళ్ళతో కలిసి నాగలూటి నుంచి నడవాలని మేము నలుగురం అనుకొన్నాము. మోకాళ్ళ సంగతి వైద్యుడిని అడగాలి. అంతలో కాశీయాత్ర చరిత్ర ప్రతి ఒకటి సంఘం గదిలో బీరువా పై అరలో పెట్టాము. ఆదివారం సాయంత్రాలు గది తెరిచి ఉంటుంది. పిల్లలను తీసుకొని రండి. మాధవరం పేరు మొదటి పేజీలలోనే ఉంది, వెతికించవచ్చు.